అమృతమని పేరుపెట్టిన ద్రవము: ‘ది వే ఆఫ్ వాటర్’ చిత్రముపై కొన్ని శంకలు

జేమ్స్ కామెరూన్ దర్శకత్వమున 2022 డిసెంబరు 16వ తేదీన విడుదలయిన ‘అవతార్: ది వే ఆఫ్ వాటర్’ చిత్రమునందు ఒక పసుపుపచ్చని ద్రవము కలదు. పండోరా అను లోకపు సముద్రములలో సంచరించు తుల్కున్ అను మహాజలచరములను వేటాడి, వాటి శిరస్సునకు రంధ్రము చేసి, మెదడునందలి గ్రంథులనుండి దానిని పీల్చి తీయుదురు. చిన్న సీసా ఒక్కదాని వెల 8 కోట్ల డాలర్లు. దానిచేత మానవునకు వార్ధక్యము ఆగిపోవును. ఆ ద్రవమునకు చిత్రకర్తలు పెట్టిన పేరు ‘అమృత’.

చిత్రము పేరు అవతారము. అందలి ధనరాశి పేరు అమృతము. రెండు పదములును సంస్కృత వాఙ్మయమునుండి గ్రహింపబడినవే. మొదటి పదము హిందూదేవతల అవతరణభావననుండి వచ్చినదని దర్శకుడే చెప్పియున్నాడు. పదములు ఎరువు తెచ్చుకొనుట దోషము కాదు. సంస్కృతమునుండి పదము తీసికొనని భాష ఈ దేశమున అరుదు. కాని పదమును తెచ్చుకొన్నవాడు దాని భారమును గూడ మోయవలెను. 192 నిమిషముల నిడివి గలిగి, ప్రపంచమంతటను 230 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించి, అవసరాల శ్రీనివాస్ వ్రాసిన సంభాషణలతో తెలుగునందును ప్రదర్శింపబడిన ఈ చిత్రమును చూచిన బాలబాలికలు ఇంటికి వచ్చి అడుగు ప్రశ్నలు సామాన్యములు కావు. చచ్చినవాని జ్ఞాపకములు మరియొక దేహమున పెట్టిన వాడే వీడగునా? అమృతము త్రాగినచో నిజముగా చావు రాదా? ఈ ప్రశ్నలను వినోదమని త్రోసిపుచ్చు పెద్దలు ఒక మంచి అవకాశమును పోగొట్టుకొనుచున్నారు. నచికేతుడు యముని అడిగినదియు ఇంచుమించు ఇదియే కదా.

కథలో అతుకని అతుకులు అనేకములు కలవు. వానిలో కొన్ని యంత్రసంబంధములు, కొన్ని కాలగణనసంబంధములు. మిగిలినవి ధర్మసంబంధములు, ఇవియే బరువైనవి.

ముందుగా కాలగణన. పండోరా ఆల్ఫా సెంటారీ నక్షత్రమండలమునందున్నదని కథ. అచ్చటినుండి భూమికి వెలుగు చేరుటకే 4 సంవత్సరములకు పైగా పట్టును. మొదటి చిత్రమునందు జేక్ సల్లీ నౌకలో నిద్రించుచు చేసిన ప్రయాణము ఇంచుమించు 6 సంవత్సరములు. తరిమివేయబడిన మానవులు భూమికి చేరి, సైన్యమును కూర్చుకొని తిరిగి వచ్చుటకు పండ్రెండేండ్లకు తక్కువ పట్టదు. ఈలోపల జేక్ నేయ్‌తిరి దంపతుల బిడ్డలు పెరిగి పెద్దవారగుదురు. ఈ లెక్క చక్కగా సరిపోయినది. రచయితలు శ్రద్ధ వహించిరనియే చెప్పవలెను. అయితే మానవులు తిరిగివచ్చిన తరువాత ఒక్క సంవత్సరము గడచునప్పటికి పండోరాలోని సమస్తవ్యయమును ఈ ‘అమృత’ విక్రయమే భరించుచున్నదని వేటనౌకలో సెలవిత్తురు. వేట నేర్చుటెప్పుడు? గ్రంథిని కనుగొనుటెప్పుడు? ద్రవమును భూమికి పంపి, గుణమును పరీక్షించి, వెలను నిర్ణయించుటెప్పుడు? పంపిన సీసా మార్గమధ్యముననే యుండును కదా. మొదటి రాకయందే కనుగొనిరని సమాధానము చెప్పవచ్చును. అట్లయినచో మొదటి చిత్రమునందు కిలో 2 కోట్ల డాలర్ల రాతిగనికై ఒక మహావృక్షమును కూల్చి, యుద్ధము తెచ్చుకొని, సర్వము పోగొట్టుకొన్న సంస్థ, అంతకు మించిన ధనము సముద్రమునందు ఈదుచుండగా ఏల ఊరకుండెను? ఆ రాతి ఊసు రెండవ చిత్రమున ఇంచుమించు లేకుండ పోయినది.

వీరి సేనాధిపతిని భూమి మరణించుచున్నదనియు, పండోరాను మానవజాతికి నూతనగృహముగా చేయవలెననియు పలుకును. పండోరాలోని వాయువు మానవునకు విషము. ముఖమునకు ముసుగు లేనిదే కొన్ని నిమిషములు నిలువజాలడు. ఊపిరి పీల్చరాని తావు గృహమెట్లగునో ఆమె చెప్పదు. ఇక మరణించుచున్న భూమిపై మరణింపగోరని ధనికులు 8 కోట్లు పెట్టి సీసా కొనుచుండుట, దర్శకుడు తలచెనో లేదో గాని, చిత్రమంతటను మిక్కిలి సత్యమైన హాస్యము.

అమృతమను పేరు ఇచ్చట కుదురునా? క్షీరసాగరమథనమునందు అమృతము కడపట వచ్చినది. తొలుత వచ్చినది హాలాహలము. ఆ విషమును దేవతలును త్రాగలేదు, అసురులును త్రాగలేదు. లోకమునకై ఒకడు కంఠమున ధరించెను. ఫలము కోరినవారు తమ ప్రయత్నమునందు పుట్టిన విషమునకును సమాధానము చెప్పవలసియున్నదని ఆ కథాక్రమమే తెలుపుచున్నది. చిత్రమునందలి వేటగాండ్రు విషమునంతయు తుల్కున్‌లకు విడిచి, అమృతమును మాత్రము తాము గొనిపోవుదురు. బిడ్డ గల తల్లి వేగముగా ఈదజాలదు గనుక సవత్సయైన తల్లినే ఎన్నుకొని తరుముదురు. ఈ దృశ్యమును చూచిన ఆస్తికునకు సవత్సగోవు స్మరణకు రాక మానదు. వేటనౌక నాయకునికి స్కోర్స్‌బీ అని పేరుపెట్టుట ఊరక జరిగినది కాకపోవచ్చును. 19వ శతాబ్దపు ఆరంభమున ఉత్తరధ్రువసముద్రములలో తిమింగలములను వేటాడిన ఆంగ్లేయనావికుడు విలియమ్ స్కోర్స్‌బీ ఆ పేరివాడే. నాడు తిమింగలపు తైలమునకై జరిగిన వధయే ఇచ్చట వేషము మార్చుకొని వచ్చినది. కావున ఆ ద్రవమునకు తైలమను పేరే న్యాయము.

వార్ధక్యము ఆగుట అమృతత్వము కాదు. పురాణములందు దీనికి సరియైన పోలిక దేవతల అమృతకలశము కాదు, యయాతి చరిత్రము. శుక్రశాపముచే ముసలితనము పొందిన యయాతి తన కుమారుడైన పూరుని యౌవనమును ఎరువుగా తీసికొని వేయి సంవత్సరములు భోగములననుభవించి, కడకు తృప్తి కానరాక ఆ యౌవనమును తిరిగి ఇచ్చివేసెను. పూరుడు ఇష్టపడి ఇచ్చినాడు. తండ్రియు తిరిగి ఇచ్చినాడు. ఈ సీసా కొన్నవాడు ఎవ్వరిని అడిగెను? ఎవ్వరికి తిరిగి ఇచ్చును? మరియొక పోలిక స్వర్భానుడు. వాడు నిజమైన అమృతమునే గొంతువరకు త్రాగెను. ఫలితమేమి? శిరస్సు చావక మిగిలినది. ఎప్పుడును మ్రింగుటయే గాని నిలుపుకొనలేని రాహువు గ్రహణసమయముల యందు సూర్యచంద్రులను తరుముచునే యున్నాడు. మనస్సు మారక ఆయువు మాత్రము పెరిగినవాని స్థితిని పౌరాణికులు ఇంతకంటె స్పష్టముగా చూపలేరు.

అవతారశబ్దమును గూర్చి ఎక్కువ చెప్పవలసిన పనిలేదు. అవతారమనగా దిగివచ్చుట, ఈశ్వరుడు కర్మబద్ధుడు గాక స్వేచ్ఛచే ధర్మరక్షణార్థము దిగివచ్చుట. మొదటి చిత్రమునందు జేక్ చేసినది పరకాయప్రవేశము. ఆదిశంకరులు అమరుకమహారాజు దేహమున ప్రవేశించినప్పుడు శిష్యులు గురుదేహమును గుహయందు కాపాడిరని శంకరవిజయము చెప్పును. జేక్ దేహమును పేటికయందు పెట్టి కాపాడుట అచ్చముగా అదియే. రెండవ చిత్రమునకు వచ్చుసరికి జేక్ పాతదేహమును శాశ్వతముగా విడిచినవాడు. దూరమునుండి నడుపువాడు లేడు. ప్రధానపాత్రలలో ఎవ్వరికిని ఇప్పుడు ఆ పేరు వర్తింపదు. అయినను శీర్షిక నిలిచియున్నది.

ఇక క్వారిచ్. మొదటి చిత్రమున నేయ్‌తిరి బాణములచేత మరణించిన సేనాని ఈతడు. ఆ యుద్ధమునకు పూర్వమే ఈతని జ్ఞాపకములను యంత్రమున నిక్షేపించిరట. వాటిని నీలవర్ణదేహమున పెట్టి లేపిరి. లేచినవాడు తన పూర్వరూపము పలికిన సందేశమును తెరపై చూచును. మరణఘట్టము మాత్రము జ్ఞాపకమున లేదు. అడవిలో తన అస్థిపంజరమును కనుగొని, ఆ కపాలమును చేతబట్టి నలిపివేయును. చిత్రమంతటను ఆలోచింపదగిన ఒకే ఒక దృశ్యమును ఎన్నుకొనుమన్నచో అది ఇదియే. ‘ఇది నా కపాలము’ అనువానికి కపాలము వేరు, తాను వేరు. దేహమే ఆత్మయను చార్వాకుడు ఆ చోట ఏమని సమాధానము చెప్పును?

అయితే వేదాంతికిని ఇచ్చట సులభమైన దారి లేదు. బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయమునందు, సర్వము క్షణికమను వాదమును ఖండించుచు శంకరభగవత్పాదులు స్మృతినే ప్రబలహేతువుగా చూపిరి. నిన్న చూచినవాడు ఒకడు, నేడు స్మరించువాడు వేరొకడు కాజాలడు. కాన చూచినప్పుడును తలచునప్పుడును ఒక్కడే ఆత్మ కలడని తాత్పర్యము. ఈ సిద్ధాంతమును చదివిన యువకుడు చిత్రమును చూచి, ‘ఇచ్చట స్మృతి ఉన్నది, చూచినవాడు చచ్చినాడు, ఆచార్యుల హేతువు చెడినది కదా’ అని అడుగుట న్యాయమైన పూర్వపక్షము. దీనిని కథయని నవ్వి విడువరాదు.

నైయాయికుడు ఒక్క మాటలో ముగించును. సంస్కారము ఆత్మగుణము, ఒక ఆత్మయొక్క గుణము మరియొక ఆత్మకు పోజాలదు, కాన చిత్రము చెప్పినది అసంభవము. ఈ సమాధానము దృఢమైనదే గాని పూర్వపక్షిని అది ఒప్పింపదు. ‘సంభవించినచో’ అని వాడు మరల వచ్చును. వేదాంతుల సమాధానము వేరు. వారికి సంస్కారములు అంతఃకరణమునందున్నవి. అంతఃకరణము జడము. జడమునకు ప్రతిబింబమో ప్రతికృతియో కలుగుట తర్కమునకు విరుద్ధము కాదు. కాని ఆచార్యులు హేతువుగా చూపినది జ్ఞాపకమున్నదను మాత్రము కాదు, ‘చూచిన నేనే తలచుచున్నాను’ అను ప్రత్యభిజ్ఞ. అది సాక్షిచైతన్యమును ఆశ్రయించియున్నది. క్వారిచ్‌నకు జ్ఞాపకములున్నవి, కాని ఆతడే స్పైడర్ అను బాలునితో, తాను ఆ మనుష్యుడు కాననియు, వాని జ్ఞాపకములు మాత్రము తనయందున్నవనియు చెప్పును. అనగా ప్రత్యభిజ్ఞ తెగినదని వాడే సాక్ష్యమిచ్చుచున్నాడు. చిత్రకర్తలు తెలిసి వ్రాసిరో తెలియక వ్రాసిరో, ఈ ఒక్కచోట వారి పాత్ర ఆచార్యుల పక్షమే పలికినది.

ఇంకొక నిరూపణము కలదు. జీవుడు దేహమును విడుచునప్పుడు సూక్ష్మశరీరమును గొనిపోవునని మూడవ అధ్యాయారంభమున నిర్ణయించిరి. గొనిపోవుట యనగా ఇచ్చట లేకుండ పోవుట. నిక్షేపము జరిగిన పిమ్మటను మొదటి క్వారిచ్ బ్రతికి, యుద్ధము చేసి, చచ్చినాడు. కాన పోయినది పోయినట్లే యున్నది. యంత్రములో మిగిలినది నకలు. ఒక అప్పుపత్రమును జిరాక్సు తీసినంత మాత్రమున అప్పు రెండింతలు కాదు. జిరాక్సు పట్టుకొని వచ్చి అప్పు తీర్చమనువానిని ఏ న్యాయస్థానమును ఒప్పదు. మొదటి సేనాని చేసిన పాపములు వానితో పోయినవి. నేయ్‌తిరి తండ్రి మరణమునకు ఈ రెండవవానిని శిక్షించినచో, చేయని కర్మకు ఫలము వచ్చుట యను అకృతాభ్యాగమదోషము కలుగును. చిత్రమునందలివారందరును, చూచువారును, ఈ రెండవవానిని మొదటివానిగానే ద్వేషింతురు. దానికి చిత్రమున సమర్థన లేదు, అవసరమును లేదు. గ్రామములను తగులబెట్టుట, తల్లి తుల్కున్‌ను చంపించుట ఈతడు స్వయముగా చేసిన పనులే. నూతనమైన పద్దు చాలినంత పెద్దదిగానే యున్నది.

ఇచ్చటినుండియే చిత్రమందలి అన్నిటికంటె పెద్ద చిక్కు ఆరంభమగును. దీనిని విమర్శకులు అంతగా పట్టించుకొనలేదు. కథాంతమున జేక్, నేయ్‌తిరుల జ్యేష్ఠపుత్రుడు నెతేయామ్ తుపాకిగుండు తగిలి మరణించును. వానిని సముద్రగర్భమునకు అప్పగింతురు. పిమ్మట తల్లిదండ్రులు పవిత్రవృక్షముతో తమ జడను ముడివేసి, ఎయ్‌వా అను మాతృదేవతయందు కుమారుని దర్శింతురు. జేక్ వానితో మాటాడును. చూచువారి కన్నులు చెమ్మగిల్లును, చెమ్మగిల్లుట సహజము. కాని ప్రశ్న నిలిచియే యున్నది. ఎయ్‌వా ఏమి దాచినది? ఆ లోకపు వృక్షములన్నియు వేళ్ళచేత ఒకదానితో నొకటి ముడిపడి, మహత్తరమైన మస్తిష్కమువలె పనిచేయుచు, పూర్వుల జ్ఞాపకములను నిలుపుకొనునని మొదటి చిత్రముననే శాస్త్రజ్ఞురాలు గ్రేస్ వివరించినది. అట్లయినచో ఎయ్‌వాయందున్న నెతేయామ్ ఒక నిక్షిప్తస్మృతి. యంత్రమందుండిన క్వారిచ్చును ఒక నిక్షిప్తస్మృతియే.

ఒకటి పవిత్రమనియు, మరియొకటి అపవిత్రమనియు చిత్రము మనస్సునకు నాటించును. ఎందువలన? ఒకటి వేరులలో, ఇంకొకటి లోహములో నున్నందున మాత్రమేనా? నెతేయామ్ నిజముగా ఎయ్‌వాయందు జీవించియున్నవాడైనచో, నీలదేహమందు లేచినవాడును నిజమైన క్వారిచ్చే యగును. క్వారిచ్ నకలు మాత్రమే యైనచో, శోకార్తులైన తల్లిదండ్రులు కలిసికొన్నది కుమారుని కాదు, కుమారుని నకలును. రెండింటిలో ఒకటి ఒప్పుకొనక తప్పదు. చిత్రము రెండును ఒప్పుకొనదు. సంగీతమును పెంచి ముందుకు సాగిపోవును.

ఈ శంకకు ఆస్తికులు శ్రద్ధ వహించుటకు కారణము కలదు. శ్రాద్ధమునందు పితృపితామహప్రపితామహులను వసురుద్రాదిత్యరూపులుగా ఆవాహన చేయుదురు. పిండప్రదానము చేయు కర్త, లోలోపల, ‘ఇది తండ్రికి చేరునా, తండ్రి జ్ఞాపకమునకు మాత్రమే చేయుచున్నానా’ యని సంశయించుట ఈ కాలమున అరుదు కాదు. చదువుకొన్న కుమారులు కొందరు పైకే అడుగుదురు. కొందరు అడుగక, తద్దినము నాడు ఛాయాచిత్రమునకు దండవేసి సరిపుచ్చుదురు. ఛాయాచిత్రము ముందు నిలుచుట దోషము కాదు. అది స్మృతి. శ్రాద్ధము స్మృతి కాదు. ఎవనిని ఉద్దేశించి ఇచ్చుచున్నారో వాడు స్మరించువాని మనస్సునకు వెలుపల కలడను విశ్వాసముతో ఇచ్చునది గనుకనే దానికి ఆ పేరు వచ్చినది. వాడు ఏ లోకమునందున్నను, ఏ దేహమునందున్నను ఇచ్చినది తగినరూపమున అందించు భారము దేవతలది. పితరుడు మాటాడుట లేదు, నవ్వుట లేదు, కౌగిలించుకొనుట లేదు. నెతేయామ్ తండ్రితో చేపలు పట్టుచు నవ్విన దృశ్యము ముందు ఈ మౌనము చప్పగా కనబడవచ్చును. కాని శాస్త్రము స్మృతిని చూపి జీవుడని చెప్పలేదు.

చిన్న లోపములను చిన్నగానే చెప్పవచ్చును. తొనొవారి నాయకత్వమున మెట్కయినా వీరులందరును వాహనములెక్కి యుద్ధమునకు దూకుదురు. గర్భవతియైన రొనాల్ సైతము వచ్చును. కొంతసేపటికి వీరందరును తెరనుండి అదృశ్యులగుదురు. మునుగుచున్న నౌకలో జేక్ కుటుంబము ఒంటరిగా పోరాడుచుండగా ఆ వీరులు ఎచ్చటికి పోయిరో చెప్పువారు లేరు. కిరి చేయియెత్తినంతనే సముద్రజీవులు ఆమె మాట వినును. బందీగా నున్నప్పుడు ఆ శక్తి ఏమైనదో తెలియదు. ఆమె తండ్రి ఎవరను ప్రశ్నను మాత్రము లోపమనరాదు. అది ఉత్తరకథకై దాచిన రహస్యము. అయోనిజలైన సీతాద్రౌపదుల కథలు వినిన శ్రోతలకు అట్టి జననము ఆశ్చర్యమును కలిగింపదు.

జేక్ పలాయనము ఇంతకంటె గంభీరమైన విషయము. తాను అడవిలో నున్నచో శత్రువులు తన జనమును చంపుదురని నాయకత్వము విడిచి, భార్యాబిడ్డలతో సముద్రజనులను శరణువేడును. శత్రువు అతనిని వెదకుచు అచ్చటికే వచ్చును. మొదటిజనమును కాపాడిన యుక్తి రెండవజనమును దహించినది. శరణాగతునకు ఆశ్రయమిచ్చుట ఆశ్రయదాతకు ధర్మము; శిబి తన మాంసమునే ఇచ్చెను. కాని ఆశ్రయము కోరువాడు తన వెంట ఏమి వచ్చుచున్నదో తెలుపుట వానికిని ధర్మమే. విభీషణుడు తానెవరో, ఎవరి తమ్ముడో, ఏల వచ్చెనో ముందే చెప్పి నిలిచినాడు. జేక్ తన కుటుంబమునకు తావు కావలెనని చెప్పెనే గాని, తనను వెదకు సైన్యపు స్వరూపమును విప్పి చెప్పలేదు. రొనాల్ మొదటినుండియు సందేహించినది. చిత్రము ఆమెను కఠినురాలిగా చూపినది. కథ ముగియునప్పటికి ఆమె సందేహమే నిజమయినది. ఆమెకు సోదరివంటి తుల్కున్ చంపబడినది.

తుల్కున్‌ల ధర్మము చిత్రమునందలి అందమైన కల్పన. వాటికి గానము, గణితము, తత్త్వచింతన కలవని వేటనౌకలోని శాస్త్రజ్ఞుడే ఒప్పుకొనును. ఒప్పుకొని గ్రంథి తీయించును. విద్య వినయమునకు బదులు జీతమునకు లోబడినప్పుడు ఎట్లుండునో ఆ పాత్ర చూపును. పూర్వము తమలో తాము పోరాడి నశించిన ఆ జాతి, చంపుట మరియొక చంపుటనే కనునని గ్రహించి, హింసను సర్వథా నిషేధించినది. తల్లిని చంపినవారిపైకి తోడివారితో దండెత్తి, వారందరి మరణమునకు కారణమైన పయకాన్‌ను వెలివేసినది. పతంజలి చెప్పిన మహావ్రతమునకు ఇది సమీపముగా నున్నది. జాతి, దేశము, కాలము, సందర్భము అను మినహాయింపులు లేని అహింస.

అయితే ఆ మహావ్రతము యోగికి విధింపబడినది. ఎన్నుకొని స్వీకరించినవానికి అది తేజస్సు. పుట్టుకతో ఒక జాతికంతకును, లేతవయస్కులకు సహా, దానిని విధించినచో, వేటగానికి అంతకంటె సౌకర్యము మరియొకటి లేదు. తుల్కున్‌లు తిరుగబడవని తెలిసియే స్కోర్స్‌బీ ధైర్యముగా వేటాడుచున్నాడు. వైదికధర్మము యతికి అహింసను, క్షత్రియునకు రక్షణభారమును పంచి ఇచ్చుటలోని వివేకము ఇచ్చట తేటపడును. చిత్రమునకు ఈ చిక్కు తెలిసినట్లే కనబడినది; కాని విప్పలేదు. పయకాన్ నౌకపైకి దుమికి మనుష్యులను చంపునప్పుడు ప్రేక్షకులు చప్పట్లు కొట్టుదురు. వెలివేసిన పెద్దలు అప్పుడేమనుకొనిరి? వారి ధర్మము తప్పనియా, వాడు మరల తప్పినాడనియా? రెండు గంటలసేపు గౌరవించిన ధర్మమును యుద్ధసమయమున ఒక్క మాటయు లేక ప్రక్కకు పెట్టిరి. ధర్మమును మార్చుకొనుటకు విచారము కావలెను. కురుక్షేత్రమున రెండు సేనల నడుమ రథము ఆగినది అందుకొరకే.

ఇక నేయ్‌తిరి. పెద్దకొడుకు శవము ఇంకను చల్లబడలేదు. ఆమె కుమార్తెను క్వారిచ్ కంఠమున కత్తిపెట్టి పట్టుకొనియున్నాడు. అప్పుడామె స్పైడర్‌ను పట్టుకొని, వాని ఱొమ్మున కత్తితో గీసి, కుమారునకు కుమారుడు అని లెక్కకట్టును. ఆ బాలుడు మొదటి క్వారిచ్‌కు పుట్టినవాడు. నేయ్‌తిరి బిడ్డలతో కలిసి పెరిగినవాడు. ఏ దోషమును చేయనివాడు. క్వారిచ్ మొదట వానితో తనకు సంబంధము లేదనును, తరువాత వాని ప్రాణమునకై కిరిని విడిచిపెట్టును. అనగా ఆ క్షణమున జ్ఞాపకముల నకలు తండ్రియైనది. తల్లి మాత్రము వధోద్యత యైనది.

భాగవత ప్రథమస్కంధమున దీనికి ఎదురుగా ఒక ఘట్టము కలదు. పోతనామాత్యుని తెలుగున చదువనివారు అరుదు. నిద్రించుచున్న అయిదుగురు పుత్రులను చంపిన అశ్వత్థామను అర్జునుడు బంధించి తెచ్చి ద్రౌపది ముందు నిలుపును. భీముడు చంపుమనును. ద్రౌపది విడువుమనును. తాను ఏడ్చుచున్నట్లు వాని తల్లి ఏడువరాదని ఆమె కారణము. భారతమునందు ద్రౌపది ఇంత మెత్తనిది కాదు. అచ్చట ఆమె ప్రాయోపవేశము పూని వాని శిరోమణిని తెప్పించుకొనును. క్రోధముగల ద్రౌపదిని వ్యాసుడే చూపినాడు. కాన నేయ్‌తిరి క్రోధము అస్వాభావికమనరాదు. భేదము వేరుచోట నున్నది. అశ్వత్థామ స్వయముగా హంతకుడు. అయినను రెండు గ్రంథములందును ప్రాణముతో విడువబడెను. స్పైడర్ నిర్దోషి, వాని కంఠముమీదనే బేరము జరిగినది. అశ్వత్థామకు ఏమి శిక్ష, ఎందులకు శిక్ష, ఎవరు సమ్మతించిరి అను చర్చ భీమార్జునకృష్ణుల నడుమ జరిగినది. మణి తీయుట, తల గొరుగుట, విడిచిపెట్టుట అని ఒక నిర్ణయమునకు వచ్చిరి. నేయ్‌తిరి చేసిన పనిని గూర్చి చిత్రములో పిమ్మట ఎవ్వరును మాట్లాడరు. కిరి చూచినది. జేక్ చూచినాడు. ఆ బాలుడు ఆ కుటుంబముతోనే మరల కలిసి జీవింపవలెను. ఒక్క క్షమాపణ, ఒక్క నింద, కనీసము తలవంచుట యైనను లేదు. మెట్కయినా వీరుల అదృశ్యమును లోపముగా ఎత్తిచూపినవారు అనేకులు; ఈ మౌనము అంతకంటె పెద్ద లోపము.

ప్రేక్షకులు ఎక్కువగా నిందించినది వేరొకదానిని: నీటిలో మునిగి స్పృహ తప్పిన క్వారిచ్‌ను స్పైడర్ ఒడ్డునకు ఏల లాగెను? అంతమందిని చంపినవానిని విడిచిపెట్టినచో కథ ముగిసెడిది కదా అని వారి ఆక్షేపణ. ఇది కథాలోపము కాదు. రావణునకు అంత్యక్రియలు చేయుటకు విభీషణుడు సంశయించినప్పుడు శ్రీరాముడే వానిని ప్రోత్సహించెను. దోషి యైనను బంధుత్వము తీర్చవలసిన ఋణము కలదని రామాయణము. నీలదేహమునకు బీజము మొదటి క్వారిచ్ దేహమునుండియే తీసికొనిరి గనుక, స్మృతిసంబంధమును త్రోసిపుచ్చినను రక్తసంబంధమును త్రోసిపుచ్చుట కష్టము. ఆ బాలుడు ఆ ఋణమును అంతవరకే తీర్చినాడు. ఊపిరి వచ్చినదని చూచి, తనతో రమ్మని పిలిచినవానికి వెన్ను చూపి, తన ఱొమ్మున కత్తి గీసిన తల్లి యున్న చోటికే మరలిపోయినాడు.